లేనోళ్ల సార్

సార్ పోయారన్న కబురు బూదికోట నుంచి ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున ఏడున్నర అయింది. నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయల్దేరుతూ చెప్పులు వెతుక్కుంటున్నాను. "అక్కా, మామ కాపీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లే గోడకి ఒరిగిపొయినాడు. నీకు చెప్పమని ముందే రాసిపెట్టినాడు," అంది. రాసిపెట్టడమేమిటని అడిగాను. తలుపు వెనక ఒక కాగితం అంటించి ఉందట. తను పోతే ఎవరెవరికి చెప్పాలో వరసగా రాసి, అడుగున ఇంకో వాక్యం చేర్చారట: ఈ పట్టీలో లేనోళ్లు ఎవురో ఒక తూరి ఆలోచించండి. ఆ వాక్యం చూసి కోడలికి భయమేసిందట. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

ఆయన మాకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పిన సార్. పేరు రాయను. పేర్ల విషయంలో ఆయన ఎంత జాగ్రత్త మనిషో ఇది చదివేసరికి మీకే తెలుస్తుంది. ఇందులో ఇద్దరి పేర్లు వస్తాయి, అవి కూడా నేను పెట్టినవే. ఏ రిజిస్టరులో వెతికినా వాళ్లు దొరకరు. వెతికే ఓపిక ఉన్నవాళ్లకు ముందే చెబుతున్నాను, అనవసరంగా కష్టపడకండి.

మొదటి రోజు క్లాసులో సార్ హాజరు పిలిచి, రిజిస్టరు మూసి, "రానోళ్లు చెయ్యెత్తండప్పా" అన్నారు. మేం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. ఖాళీ బెంచీల వైపు ఒక్కొక్కదాన్నే చూస్తూ నిలబడ్డారు. ఒక నిమిషం గడిచింది. నా ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి తన పక్కనున్న ఖాళీ చోటు నుంచి కొంచెం ఎడంగా జరిగింది. అప్పుడు సార్, "వచ్చినోళ్లని లెక్కబెట్టేది ఎవురికైనా వస్తాది. మనం నేర్చుకోవాల్సింది రెండోది," అని చాక్‌పీసు అందుకున్నారు. ఆ రోజు ఆయన బోర్డు మీద ఏం రాశారో గుర్తు లేదు గానీ, ఆ అమ్మాయి జరగడం మాత్రం బాగా గుర్తుంది.

సార్ వాళ్లది బూదికోటలో పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఆయనకు పదేళ్లప్పుడు ఒక ఏడు పురుగులకు తెగులొచ్చి, తట్టల్లో ఉన్నవి ఉన్నట్టే నల్లబడి చచ్చాయట. వాళ్ల నాయన వాటిని గుంటలో పూడ్చి, ఊరికే కూర్చోలేక ఆ వారం పట్టుగూళ్ల సంతకు వెళ్లాడు, కొడుకును వెంటబెట్టుకొని. అక్కడ ఎవరిని కదిలించినా "ఈ ఏడు తెగులే లేదు, గూళ్లు బలే ఉండాయి" అన్నారట. అబద్ధం చెప్పినవాడు ఒక్కడూ లేడు. తెగులు తగిలినవాళ్లు ఎవరూ సంతకు రాలేదు, అంతే. "మా నాయన వట్టి చేతులతో ఆ సంతలో నిలబడినాడు సూడు, ఆ పొద్దు నాకు స్టాటిస్టిక్స్ వచ్చేసింది," అనేవారు సార్. లెక్కలో ఇలా దాక్కొని కూర్చునే తప్పుకు పుస్తకాల్లో పొడుగాటి పేర్లు చాలా ఉన్నాయి. ఆయన మాత్రం దాన్ని 'వంకర' అనేవారు.

మా ఊరి గనులు మూతపడిన ఐదారేళ్లకు బయటి నుంచి ఒక పరిశోధన బృందం వచ్చింది. బంగారు గనుల్లో పని చేసి రిటైరైనవాళ్ల ఊపిరితిత్తుల్ని రాతిదుమ్ము ఎంత పాడుచేసిందో తేల్చడం వాళ్ల పని. ఇది ఒకరికి మందిచ్చి, ఇంకొకరికి ఇవ్వక చూసే పరీక్ష కాదు. జరిగిపోయిన బతుకుల్ని సర్వీసు పుస్తకాల్లోంచి, ఎక్స్‌రేల్లోంచి ఏరుకొని, ఎక్కువ దుమ్ము పీల్చినవాడికి ఎక్కువ జబ్బు చేసిందా లేదా అని చూడటం. లెక్కలు చూడటానికి, అప్పటికే రిటైరైన సార్‌ని పెట్టుకున్నారు. ఇల్లిల్లూ తిరగడానికి సార్ నన్ను పెట్టుకున్నారు. నాకు డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. పైగా చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీలకు కట్టించిన ఆ వరస ఇళ్లలో పుట్టి పెరిగినదాన్ని. ఏ లైనులో ఏ ఇంటి కుక్క కరుస్తుందో నాకు తెలుసు.

సాయంత్రాలు ఎక్కువగా తిరిగేవాళ్లం. గనిలోకి దిగే బావిలాంటి షాఫ్టు మీద ఇనుప చక్రాలు ఆగిపోయి ఉండేవి. అయినా గాలి గట్టిగా వీస్తే ఒక చక్రం కొంచెంగా కదిలి, మూలుగులాంటి చప్పుడు చేసేది. పనిచేసిన రోజుల్లో ఆ చప్పుడు వింటే షిఫ్టు మారిందని అర్థం. ముసలివాళ్లు కొందరు అలవాటు కొద్దీ ఇప్పటికీ తలెత్తి వీధి మొదలు వైపు చూసేవారు, ఎవరో పైకొచ్చి ఇంటికి వస్తున్నట్టు. సార్ ఆ చూపులన్నీ గమనించేవారు.

మా కాగితాల్లో ప్రశ్నలు చాలానే ఉన్నాయి. గని లోపల ఎన్నేళ్లు పని చేశారు, బీడీ తాగుతారా, ఆయాసం వస్తుందా, ఎత్తెంత, బరువెంత. అన్నీ అయ్యాక, కాగితంలో లేని ప్రశ్న ఒకటి సార్ తనే అడిగేవారు.

"ఇంగ ఒక్క మాటమ్మా. ఈ ఇంట్లో లేనోళ్లు ఎవురు?"

"అందురూ ఉండాము గదా సార్," అనేది ఇల్లాలు.

సార్ కదిలేవారు కాదు. కాపీ గ్లాసు ఒళ్లో పెట్టుకొని, లోపలి గది చీకట్లోకి చూస్తూ కూర్చునేవారు. కాసేపటికి ఆమె కూడా అటే చూసేది. తర్వాత గొంతు తగ్గించి చెప్పేది. "మా మామ ఒకాయన ఉండె సార్. దగ్గు ఎక్కువాయె అని ఊరికి పంపించేస్తిమి. ఆడ్నే పోయినాడు."

ప్రతి మూడో ఇంట్లో ఇదే మాట. మావన్నీ ఆంధ్ర పల్లెల నుంచి గనికొచ్చిన కుటుంబాలు. మనిషి దగ్గుతో మంచం పట్టాడంటే సొంత ఊరికి తీసుకుపోయేవారు, పోయేదేదో మన మట్టిలోనే పోవాలని. గని రిజిస్టరులో అతని పేరు ఎదుట 'పని మానినాడు' అని ఒక్క మాట ఉండేది. ఊళ్లో పోయాడన్న సంగతి ఇక్కడి ఏ కాగితంలోనూ ఎక్కలేదు.

కొన్నాళ్లకు ఆయనకు పేరు పడిపోయింది. "లేనోళ్ల సార్ వస్తా ఉండాడు" అని పిల్లలు లోపలికి పరిగెత్తేవారు. ఒక అవ్వయితే మేం గడప దాటగానే గుప్పెడు ఉప్పు మా వెనకాల తిప్పి పారేసింది. సార్ వెనక్కి తిరిగి, "అవ్వా, నాకు సరే. ఆ పిల్లకి ఏమిటికి తిప్పినావు, నాలుగిళ్లు తిరగాల్సిన పిల్ల," అన్నారు. అవ్వ నవ్వలేదు.

ఏడాది తిరిగేసరికి లెక్క తేలింది. గనిలో అందరికంటే ఎక్కువ ఏళ్లు దిగినవాళ్ల ఊపిరితిత్తులే అందరికంటే బాగున్నాయని వచ్చింది. బృందం పెద్దాయన సంతోషపడ్డాడు. మంచివాడే, కాకపోతే రిజిస్టరును దేవుడి పటంలా చూసేవాడు. రిటైరైనవాళ్లకు ఏటా ఛాతీ ఎక్స్‌రే తీసే ఏర్పాటు ఒకటుండేది. దుమ్ము వల్ల అంత నష్టమేమీ లేదు గనక అది ఇక అవసరం లేదని సిఫారసు రాయడానికి సిద్ధమయ్యాడు. ఇక్కడ ఆ ఎక్స్‌రే తప్ప ముసలివాళ్ల దగ్గు వినేవాళ్లు ఎవరూ లేరు. నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో మా నాయన ఆ దగ్గే దగ్గుతున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా గనిలో దిగిన మనిషి.

"దుమ్ము ఎవురికీ బలమియ్యదమ్మా," అన్నారు సార్. "ఇందులో వంకర ఉండాది. యాడ ఉండాదో తెలీదు. దుమ్ము చెయ్యలేని పని ఏదన్నా ఒకటి చూద్దాం. అందులో కూడా ఈ తేడానే కనపడితే, అది దుమ్ము చేసింది కాదని తేలిపోతాది."

ఆయన ఎత్తు తీసుకున్నారు. పనిలో చేరినప్పుడు రాసిన ఎత్తు సర్వీసు పుస్తకంలో ఉంటుంది. ఇప్పుడు మేం కొలిచింది మా కాగితంలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టారు. పైన వర్కుషాపుల్లో, ఆఫీసుల్లో పని చేసినవాళ్లంతా వయసుకు తగ్గట్టు రవ్వంత కుంగారు. గనిలో ఎక్కువ ఏళ్లు దిగినవాళ్లలో చాలామంది లెక్క మాత్రం విచిత్రంగా ఉంది. కొందరు ముసలితనంలో జానెడు పెరిగారు. కొందరు మరీ కుదించుకుపోయారు.

"చిన్న వయసులో చేరినారు గదా సార్, తర్వాత పెరిగి ఉంటారు," అన్నాను.

"పైన పని చేసినోళ్లూ ఆ వయసులోనే చేరినారు. వాళ్లేమిటికి పెరగలే?" సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంగ ఆ కుదించుకుపోయినోళ్లు? గనిలో దుమ్ము ఉండాది, వేడి ఉండాది. మనిషిని మార్చేసేది ఏముండాది?"

నేను ఆ కాగితాల్లో ఒకదాన్ని అడుక్కి తోశాను. ఎందుకో సార్‌కి తెలియదు, నాకు తెలుసు. ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

సర్వేలో మా ఇల్లూ ఉంది. మా నాయన ఎత్తు నేనే కొలిచాను. పేరు మునెప్ప, సర్వీసు పుస్తకంలో ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. నాయన తలుపు చెక్కకు వీపు ఆనించి నిలబడ్డాడు. టేపు ఐదూ మూడు దగ్గర ఆగింది. మళ్లీ కొలిచాను, అంతే వచ్చింది. పుస్తకంలో గుర్తింపు చిహ్నం అని కూడా ఒక గడి ఉంది. ఎడమ చెవి తమ్మె చీలి ఉండును, అని రాసి ఉంది. నేను తలెత్తి చూశాను. మా నాయన ఎడమ చెవి నిండుగా, ఏ మచ్చా లేకుండా ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న చెవి అది. ఆ నిమిషంలో నా ముందు నిలబడ్డ మనిషి ఎవరో నాకు తెలియలేదు. ఆయన నా వైపు చూడకుండా, ఎదురుగోడను చూస్తూ, "రాసినావా?" అన్నాడు. "రాసినాను" అన్నాను. ఐదూ ఆరు అని రాశాను.

ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. మూడు రోజుల తర్వాత సార్ నన్ను పిలిచి, ఒక వరస మీద వేలు పెట్టారు.

"ఈ ఒక్కడు మాత్రం వెంట్రుకవాసి మారలేదమ్మా. ఇన్నేళ్లలో కుంగలే, పెరగలే. వయసొస్తే అందురూ మారతారు. మారనోడు సచ్చినోడొక్కడే." గొంతు పెంచలేదు. "ఈ నంబరు ఎవురిది?"

"మా నాయనది సార్," అన్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "పొయ్యి మళ్లా కొలువు. కొలిచింది రాయి," అని మాత్రం అన్నారు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు నా విద్యార్థులకు నేను అదే మాట చెప్పాను.

నేను ఐదూ మూడు అని దిద్ది ఇచ్చాక, ఆ ఆదివారం మధ్యాహ్నం సార్ మా ఇంటికి వచ్చారు. అమ్మ కాపీ ఇచ్చింది. రాగి పంట గురించి, మామిడి పూత గురించి కాసేపు మాట్లాడారు. తర్వాత గ్లాసు ఒళ్లో పెట్టుకొని అడిగారు.

"ఇంగ ఒక్క మాటప్పా. ఈ ఇంట్లో లేనోళ్లు ఎవురు?"

మా నాయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి, "నేనే సార్," అన్నాడు.

అమ్మ లేచి వెళ్లి వీధి తలుపు వేసింది. నాయన మెల్లగా చెప్పాడు. "మునెప్ప మా అన్న. నా పేరు చెంగప్ప. అన్నకి దగ్గులో నెత్తరు పడె. గనులు సర్కారోళ్లు తీసుకున్నాక కొత్తోళ్లని పెట్టుకొనేది నిలిచిపొయ్యింది. అన్న మానుకుంటే పని పోతాది, ఈ ఇల్లు పోతాది. ఊర్లో ఎనిమిది నోళ్లు ఉండాయి. లీవు పెట్టి ఊరికి పోయినోడు అన్న. రెండు నెల్లకి తిరిగొచ్చినోడు నేను. మేస్త్రీ నా మొగం చూసినాడు. అన్న హాజరు టోకెను నా చేతిలో పెట్టినాడు. ఏమీ అడగలే. మా ఒకరిదే కాదు సార్, చానా ఇండ్లలో ఇట్లే. తమ్ముడో, మేనల్లుడో."

"మీ అన్న ఎప్పుడు పోయినాడు?"

"ఆ ఏడే పోయినాడు. అన్న సచ్చినాడంటే నేను యాడుండేది సార్? సచ్చినోడు తమ్ముడు చెంగప్ప అని చెప్పినాం. తిథి కూడా ఆ పేరు మీదే పెడతాము. ఇరుగుపొరుగు వింటారు గదా." నాయన కొంచెం నవ్వాడు. "నా తిథి నేనే పెట్టుకొంటా ఉండాను. ఆ వడలు నేనే తింటా ఉండాను."

నేను గోడ పక్కన కూర్చొని వింటున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా మా ఇంట్లో చెంగప్ప చిన్నాయన తిథి జరుగుతుంది. గనికి రాకముందే జ్వరంతో పోయిన చిన్నాయన అని చెప్పేవారు. పెరట్లో విస్తరి వేసి, నాయన గొంతెత్తి "చెంగప్పా, రా, తిను" అని పిలిచేవాడు. కాకి రాకపోతే మేమంతా ఆకలితో నకనకలాడుతూ కూర్చునేవాళ్లం. ఆయన పిలిచింది తన్నే.

సార్ కాపీ గ్లాసు కింద పెట్టారు. ముందుకు వంగి, "చెంగప్పా," అని పిలిచారు. నాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. మా అవ్వ పోయిన తర్వాత ఆ పేరుతో ఆయన్ని పిలిచిన మనిషి లేడు. అమ్మ కూడా మొగుడి పేరు పిలిచేది కాదు గదా. నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ చెప్పులేసుకొని వెళ్లిపోయారు.

వంకర ఎక్కడుందో తెలిసింది. నలభై ఏళ్లు గనిలో పని చేసి గట్టిగా ఉన్న మునెప్ప ఒక మనిషి కాడు. సగంలో ఒకడు ఊపిరాడక పోతే, మిగతా సగం ఇంకొకడు పూర్తి చేశాడు. రిజిస్టరు ఆ ఇద్దరినీ కలిపి, చావులేని ఒక మనిషిని తయారుచేసింది. కానీ ఆ మాట సార్ ఎలా రాస్తారు? రాస్తే మా నాయన పింఛను, ఇల్లు, అలాంటి ఇళ్లు ఇంకెన్నో పోతాయి. రాయకపోతే ఎక్స్‌రేలు ఆగిపోతాయి, దగ్గుతూ పోయిన మా పెదనాయన ఊపిరితిత్తులు బాగున్నట్టే లెక్క. ఆ వారం రోజులు నేను ఆయనకు ఎదురుపడకుండా తిరిగాను. ఆయన ఏది ఎంచుకున్నా మాకు నష్టమేనని నా భయం.

ఆయనే పిలిచారు. బల్ల మీద పెద్ద కాగితం పరిచి ఉంది. ఎక్కువ ఏళ్లు దిగినవాళ్లు, తక్కువ ఏళ్లు దిగినవాళ్లు, జబ్బు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, నాలుగు గడులు. "పేర్లు మనకొద్దు. ఇట్ల అడుగుదాం," అన్నారు. "ఈ లెక్క తిరగబడాలంటే, మనకి కనపడకుండా దగ్గుతో పోయినోళ్లు ఎంతమంది ఉండాల? ఒక్కొక్కడినే తెచ్చి కూర్చోబెట్టు."

పెన్సిలుతో సున్న చుట్టి జబ్బు గడిలో ఒకణ్ని పెట్టాను. లెక్క మళ్లీ వేశాం. ఇంకొకణ్ని పెట్టాను, మళ్లీ వేశాం. ముఖం లేని మనుషులు ఒక్కొక్కరే వచ్చి ఆ కాగితం మీద కూర్చుంటున్నట్టు ఉండింది. ఒక్కొక్కరు కూర్చునేకొద్దీ లెక్క కొంచెం కొంచెంగా ఒరిగింది. నేను ఇంకా చాలామంది కావాలనుకుంటుండగానే అది తిరగబడింది. సార్ సున్నలు లెక్కపెట్టి పెన్సిలు కింద పెట్టారు. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప లిఫ్టును మావాళ్లు కేజ్ అంటారు. ఒక్క కేజ్‌లో పట్టేంత మంది చాలు.

"అంతమంది నిజంగా ఉండారా సార్?"

"పోయి చూద్దాం," అన్నారు.

పలమనేరు వైపు పల్లెలకు బస్సుల్లో తిరిగాం. రచ్చబండ మీద కూర్చున్న ముసలివాళ్లను ఆయన పేర్లడగలేదు. గని నుంచి దగ్గుతో ఎంతమంది తిరిగొచ్చారని మాత్రం అడిగారు. ఒక అవ్వ వేళ్లు మడుస్తూ వీధి పొడవునా ఇళ్లు చూపించింది. "ఈడ ఒకడు. ఆ మూల ఇంట్లో అన్నాదమ్ములు ఇద్దురు. ఆ పాడుబడిన ఇంట్లో ఒకడు." ఆపి, మా వైపు చూసి, "ఏమప్పా, గనిలో వాళ్లని ఇంగా పిలస్తా ఉండారా?" అని అడిగింది. నేను సున్నలు చుడుతూ ఉన్నాను. మూడో ఊరికే కేజ్ నిండిపోయింది. నాలుగో ఊరికి వెళ్లలేదు, నాకు ధైర్యం చాలలేదు.

బృందం సమావేశంలో పెద్దాయన ఒప్పుకోలేదు. రిజిస్టరులో లేనివాళ్లను లెక్కలోకి ఎలా తెస్తామన్నాడు. "తేవద్దు సార్," అన్నారు మా సార్. "ఎంతమంది బయట ఉండిపోతే మన మాట తప్పవుతాదో అది మాత్రం రాద్దాం. అంతమంది దొరకడం కష్టమేమీ కాదని కూడా రాద్దాం. చదివినోళ్లు తేల్చుకుంటారు." రెండు గంటలు వాదన జరిగింది. చివరకు ఆ రెండు వాక్యాలూ నివేదికలోకి వెళ్లాయి. సిఫారసు రాయలేదు. ఎక్స్‌రేలు ఆగలేదు. మరుసటేడు నాయన ఫిల్ములో మచ్చలు కనపడ్డాయి, మందులు మొదలయ్యాయి. ఆయన ఈ రోజుకీ బతికి ఉన్నాడంటే ఆ రెండు వాక్యాల వల్లే.

సమావేశం నుంచి వస్తూ దారిలో నేను అడిగాను, ఎత్తుల సంగతి రాయకపోవడం తప్పు కాదా అని. సార్ నడక ఆపలేదు. "పూర్తి నిజం రాయలేదమ్మా. అబద్ధమూ రాయలేదు. ఎంత దాచినానో లెక్కగట్టి, అది రాసినాను," అన్నారు. నంబర్లకు పేర్లు కలిపే పట్టీ ఆయన దగ్గర ఒకటే ఉండేది. అది నా చేతికిచ్చి మా పొయ్యిలో వెయ్యమన్నారు. వేశాను. అమ్మ ఆ మంట మీదే పాలు కాచింది.

ఆ తర్వాత ఇన్నేళ్లూ ఆయన నెలకోసారి మా ఇంటికి వచ్చేవారు. నా ఉద్యోగానికి ఉత్తరం రాసిచ్చింది ఆయనే. నన్ను ఒక్కసారీ మెచ్చుకోనిదీ ఆయనే. వచ్చినప్పుడల్లా గడపలో ఆగి, వీధి అటూ ఇటూ చూసి, ఎవరూ లేకపోతే చిన్న గొంతుతో "చెంగప్పా, ఉండావా?" అనేవారు. "ఉండాను సార్," అనేవాడు మా నాయన. వీధిలో ఎవరైనా ఉంటే పేరు లేకుండానే లోపలికి వచ్చేవారు. ఆ రోజు నాయనకు ఏదో వెలితిగా ఉండేది. సార్ వెళ్లేదాకా మాటలు సరిగ్గా కలిసేవి కావు.

బూదికోటకు నాయన కూడా వస్తానన్నాడు. అసలు వయసు ఎనభై, కాగితం మీద ఇంకో ఆరేళ్లు ఎక్కువ. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ వసారాలోకి వచ్చాడు. సార్‌ని చాప మీద పడుకోబెట్టారు. ముఖం మీద కళ్లజోడు లేదు. అది లేకుండా ఆయన్ని నేనెప్పుడూ అంతసేపు చూడలేదు. నాయన పక్కన కూలబడి, సార్ చెవి దగ్గరకు వంగి, "సార్, నేను చెంగప్పను, వచ్చినాను," అన్నాడు. అలాగే వంగి ఉన్నాడు, జవాబు కోసం ఆగినట్టు. కోడలు నన్ను పక్కకు పిలిచి ఆయనెవరని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాయన వెనక్కి తిరిగి, "నా పేరు చెంగప్పమ్మా. సార్‌కి తెలుసు," అన్నాడు. బయటి మనుషుల ముందు ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

బస్సులో నేను భయపడుతూనే అడిగాను, అలా అనేశావేం నాయనా అని.

"సార్ ఉన్నన్నాళ్లూ నా పేరు పలికేటోడు ఒకడుండె," అన్నాడు. "ఇంగ ఎవురుండారు? నేను అన్న పేరుతోనే పోతే, మా అన్న రెండోతూరి సచ్చినట్టు అవుతాది. నేను ఒకసారి కూడా సచ్చినట్టు కాదు."

సార్ గురించి రాయమని చెప్పింది కూడా నాయనే. పేర్లు మార్చి రాయి, మిగతాదంతా రాయి, ఇంగ నాకేమి భయం అన్నాడు.

పోయిన వారం మా ఇంట్లో తిథి వచ్చింది. నేను వడలు చేశాను. పెరట్లో విస్తరి వేసి నీళ్లు చల్లాను. నాయన పీట మీద కూర్చొని, ఆయాసం తగ్గేదాకా ఆగాడు. తర్వాత తలెత్తి, తనకున్న గొంతంతా పెట్టి, "మునెప్పా" అని పిలిచాడు. "అన్నా, మునెప్పా, రా, తిను."

పక్కింటి అవ్వ గోడ మీద నుంచి తల ఎత్తి చూసింది. ఆ పేరు ఎవరు పిలిచినా అరవై ఏళ్లుగా పలుకుతున్నది మా నాయనే. ఈసారి ఆయన పలకలేదు. పెరటి తలుపు తెరిచే ఉంది. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.